ఫీజు కట్టకుండా టెస్టింగ్ నేర్చుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ (ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే పని), అజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేసి తరచూ చూపించే తీరు) పద్ధతుల మీద ఉచిత ఆన్‌లైన్ శిక్షణ గురించి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన వాళ్లవి కలిపేశాం.

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయి రెండేళ్లయింది. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సుకు ముప్పై వేలు అడుగుతున్నారు. అంత కట్టే స్తోమత లేదు. అన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయంటున్నారు గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పాఠాల కోసమే అయితే ముప్పై వేలు కట్టాల్సిన పని లేదు. కోచింగ్ సెంటర్ వల్ల అసలు మేలు పాఠం కాదు, క్రమం. పొద్దున ఏడింటికి క్లాసు, పక్కన ఇంకో ఇరవై మంది, నిన్న చెప్పింది చేశావా అని అడిగే సారు. ఇంట్లో కూర్చుంటే ఇవేవీ ఉండవు కాబట్టి ముందు వేళ ఖాయం చేసుకోండి. రోజుకు రెండు గంటల చొప్పున పద్నాలుగు వారాలు పెట్టుకుంటే సరిపోతుంది.

మొదటి మూడు వారాలూ పునాది. టెస్టింగ్‌లో అంతర్జాతీయ సర్టిఫికెట్లిచ్చే ఐఎస్‌టీక్యూబీ సంస్థ ఫౌండేషన్ లెవెల్ సిలబస్ 4.0ను దాని వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. పదాల అర్థాలిచ్చే గ్లాసరీ, మాదిరి ప్రశ్నపత్రాలు కూడా అక్కడే ఉన్నాయి. చదువుతుంటే పొడిగా ఉంటుంది, అందుకని పక్కనే ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు నడిపే ఉచిత ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలు పెట్టుకోండి. ఐఐటీ ఖరగ్‌పూర్, ట్రిపుల్ ఐటీ బెంగళూరు ఆచార్యుల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు యూట్యూబ్‌లో ఎప్పుడైనా చూడొచ్చు. సర్టిఫికెట్ కూడా కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్‌లో ఆ కోర్సు నడిచే సెమిస్టర్‌లో చేరాలి. చేరడానికి డబ్బు అక్కర్లేదు, పరీక్ష రాయాలంటే ఫీజుంటుంది. అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75 మార్కులు. మొదటిదాంట్లో కనీసం 10, రెండోదాంట్లో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు. ఆలస్యంగా చేరి అసైన్‌మెంట్లు వదిలేసినవాళ్లు పరీక్ష బాగా రాసినా ఇక్కడే దెబ్బతింటారు.

నాలుగు, ఐదు వారాలు చేత్తో టెస్టింగ్. సాస్‌డెమో అనే సాధన సైట్ ఉంది, చిన్న దుకాణంలా ఉంటుంది. యూజర్ పేర్లు, పాస్‌వర్డ్ లాగిన్ పేజీలోనే రాసిపెట్టారు. ఆరో వారం డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్: సెలెక్ట్, వేర్, జాయిన్, గ్రూప్ బై వస్తే ఫ్రెషర్‌కు చాలు. ఏడో వారం పోస్ట్‌మన్ అనే పరికరంతో ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదానితో మాట్లాడే దారి) టెస్టింగ్. ఎనిమిదో వారం అజైల్‌లో బాగా వాడే స్క్రమ్ పద్ధతి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్, జట్టు పనుల జాబితా నడిపే జిరా. జిరాలో పదిమంది వరకు ఉచితం కాబట్టి మీరొక్కరే ఒక ప్రాజెక్టు తెరిచి బోర్డు నడిపి చూడొచ్చు. మిగిలిన ఆరు వారాలూ ఆటోమేషన్‌వి, అంటే టెస్టులను స్క్రిప్టు చేత నడిపించడం. జావా, పైథాన్‌లలో ఒక్కటే ఎంచుకుని, దానితో బ్రౌజర్‌ను నడిపే సెలీనియం గానీ ప్లేరైట్ గానీ నేర్చుకోండి. టెస్ట్ ఆటోమేషన్ యూనివర్సిటీ అనే సైట్‌లో రెండింటికీ ఉచిత కోర్సులున్నాయి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే దీనికంతటికీ చాలు. ఫోన్ ఒక్కటే ఉంటే మొదటి ఐదు వారాల పని అవుతుంది. ఆటోమేషన్ మాత్రం కుదరదు, ముందే తెలిసి ఉండటం మంచిది.

‘ఉచితం’ అన్న మాట దగ్గర ఒక్క జాగ్రత్త. వీడియోలు ఉచితమై సర్టిఫికెట్‌కు డబ్బు అడిగేవి కొన్ని. వారం రోజులు ఉచితమంటూ కార్డు వివరాలో యూపీఐ ఆటోపే అనుమతో తీసుకుని, ఎనిమిదో రోజు డబ్బు లాగేవి మరికొన్ని. ఆటోపే ఇచ్చి ఉంటే ఇవాళే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అన్నచోటికి వెళ్లి రద్దు చేయండి. కోర్సు యాప్ తీసేసినంత మాత్రాన మ్యాండేట్ రద్దు కాదు.

ప్రశ్న: ప్రాక్టీసు కోసం టికెట్ బుకింగ్ సైట్‌కు వంద టెస్ట్ కేసులు (ఏమిచ్చి చూడాలి, ఏం రావాలి అన్న రాతలు) రాశాను. ఇంటర్వ్యూలో చూపిస్తే, “వీటిలో తొంభై టెస్టులు నిజానికి ఒకే టెస్టు కదా” అన్నారు. అర్థం కాలేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వయసు గడిలో 20 ఇచ్చి చూడటం, 25 ఇచ్చి చూడటం, 33 ఇచ్చి చూడటం మూడు టెస్టులు కావు. మూడింటినీ ప్రోగ్రామ్ ఒకే దారిలో పంపుతుంది. 20కి సరిగ్గా పనిచేసి 25కి తప్పడానికి కారణమే లేదు. ఇలా ఒకే దారిన పోయే విలువలన్నిటినీ ఒక గుంపుగా చూడటాన్ని ఈక్వివలెన్స్ పార్టిషనింగ్ అంటారు. గుంపుకు ఒక్క విలువ చాలు.

రైలు టికెట్నే తీసుకుందాం. స్లీపర్ క్లాసులో అయిదేళ్లలోపు పిల్లలకు బెర్త్ అడగకపోతే టికెట్ లేదు. 5 నుంచి 11 ఏళ్ల వాళ్లకు బెర్త్ వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. 12 నిండితే పూర్తి చార్జీ. అంటే వయసులో గుంపులు మూడు. తప్పులు గుంపు నడుమ కాక గట్టు మీద దొరుకుతాయి. ఎందుకంటే డెవలపర్ ‘12 కంటే తక్కువ’ అని రాయాల్సిన చోట ‘12 లేదా తక్కువ’ అని రాసేస్తాడు. ఒక్క గుర్తు తేడా. 8తో చూస్తే ఆ తప్పు జన్మలో దొరకదు, 12తో చూస్తే వెంటనే దొరుకుతుంది. కాబట్టి ఇక్కడ పరీక్షించాల్సినవి 4, 5, 11, 12. వీటికి 0, మైనస్ 1, ఖాళీ, అక్షరాలు కలపండి. ఒక టికెట్‌పై ఆరుగురు ప్రయాణికుల పరిమితి ఉంటే 1, 6 సరైనవి, 0, 7 తిరస్కరించాల్సినవి.

తర్వాత, వయసుకు బెర్త్ తోడవగానే డెసిషన్ టేబుల్ గీయాలి. మూడు వయసు గుంపులు, బెర్త్ కావాలా వద్దా అన్న రెండు ఎంపికలు, కలిపి ఆరు నిలువు వరసలు. గీస్తేనే ఒక గడి మిమ్మల్ని ప్రశ్నిస్తుంది: నాలుగేళ్ల పాపకు బెర్త్ అడిగితే ఎంత? పూర్తి చార్జీ. వంద టెస్ట్ కేసులు వరసగా రాసుకుంటూ పోయినవాళ్లకు ఈ గడి కనపడదు.

ఇంకొకటి చూడండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. బుక్ చేసిననాడు నాలుగేళ్ల పదకొండు నెలలున్న పిల్లాడికి ప్రయాణంనాటికి అయిదు నిండుతాయి. ఏ రోజు వయసు లెక్క? మీ చేతికిచ్చిన పత్రంలో అది రాసి లేకపోతే, మీరే ఊహించి టెస్ట్ కేస్ రాయకూడదు. అడిగి, వచ్చిన జవాబును పత్రంలో చేర్పించాలి. ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి వేయగలిగితే అది తొంభై టెస్ట్ కేసుల పెట్టు.

తెలుగువాళ్లకు మరో చక్కని సాధన మన భాషే. ‘లక్ష్మి’ అన్న పేరు చూడండి. మనకు రెండు అక్షరాలు. కంప్యూటర్‌కు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 7 కోడ్ పాయింట్లు, అంటే ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 21 బైట్లు. పేరు గడికి 20 బైట్ల పరిమితి పెట్టిన సైట్‌లో ‘లక్ష్మి’ పట్టదు, ఇరవై అక్షరాల ఇంగ్లిష్ పేరు హాయిగా పడుతుంది. ఎస్ఎంఎస్‌కూ అంతే. మామూలు ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు కలిస్తే 70కి పడిపోతుంది, మిగతాది రెండో ఎస్ఎంఎస్‌కు పోతుంది. ఏ యాప్‌లోనైనా పేరు, చిరునామా, వెతికే గడి తెలుగులో పరీక్షించి రాయండి. చాలామంది చూడని చోట ఇది.

ప్రశ్న: నేను రాసిన బగ్ రిపోర్టులను డెవలపర్లు “మా దగ్గర బాగానే పనిచేస్తోంది” అని వెనక్కి పంపుతున్నారు. ఎలా రాయాలి?
– ఒక కొత్త టెస్టర్, హైదరాబాద్

జవాబు: రిపోర్టు చదివినవాళ్లు మిమ్మల్ని ఏమీ అడక్కుండా ఆ తప్పును మళ్లీ రప్పించగలగాలి. సాస్‌డెమోలో కావాలనే తప్పులు పెట్టిన ‘ప్రాబ్లమ్ యూజర్’ అనే ఖాతా ఉంది. దానితో లాగిన్ అయితే ఆరు వస్తువులకూ ఒకే బొమ్మ వస్తుంది. దీన్ని ‘బొమ్మలు సరిగా రావడం లేదు’ అని రాస్తే వెనక్కి రావడం ఖాయం. ఇలా రాయండి:

శీర్షిక: ప్రాబ్లమ్ యూజర్‌తో లాగిన్ అయితే వస్తువుల పేజీలో 6 వస్తువులకూ ఒకే బొమ్మ. ఎక్కడ: విండోస్ 11, క్రోమ్ (వెర్షన్ నంబరు), తేదీ, సమయం. మెట్లు: 1. లాగిన్ పేజీ తెరవాలి. 2. ప్రాబ్లమ్ యూజర్ పేరు, పేజీలో ఇచ్చిన పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ నొక్కాలి. 3. వస్తువుల పేజీ కింది వరకు చూడాలి. రావాల్సింది: ఒక్కో వస్తువుకు దాని బొమ్మ. వచ్చింది: ఆరింటికీ ఒకటే బొమ్మ. 5 సార్లు చూస్తే 5 సార్లూ వచ్చింది. స్టాండర్డ్ యూజర్‌తో రాలేదు. స్క్రీన్‌షాట్ జత.

స్క్రీన్‌షాట్ మాటకు ముందున్న రెండు వాక్యాలే ప్రాణం. ఎన్నిసార్లకు ఎన్నిసార్లు వచ్చింది, ఏ పరిస్థితిలో రాలేదు అన్నవి చెబితే డెవలపర్ వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. ఒక రిపోర్టులో ఒకే బగ్ ఉండాలి. రెండు కలిపితే ఒకటి సరిచేసి రిపోర్టు మూసేస్తారు, రెండోది గల్లంతవుతుంది.

ప్రశ్న: ఐఎస్‌టీక్యూబీ పరీక్ష తప్పనిసరా?
– గుంటూరు, వరంగల్, బెంగళూరు నుంచి పలువురు

జవాబు: తప్పనిసరి కాదు. చదువు ఉచితం, పరీక్షకే ఫీజు. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 సరైతే పాస్. నెగెటివ్ మార్కులు లేవు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు 25 శాతం అదనపు సమయం, అంటే 75 నిమిషాలు ఇస్తారు. నమోదు చేసుకునేటప్పుడే అడగాలి. ఒకసారి పాసైతే గడువు తీరదు.

పాత ప్రశ్నల బ్యాంకులు నమ్ముకుంటే ఫెయిలయ్యే ప్రమాదముంది. 4.0 సిలబస్ 2023లో వచ్చింది. 2018 సిలబస్‌లోని యూజ్ కేస్ టెస్టింగ్ అనే పాఠం ఇందులో లేదు, టెస్ట్ పిరమిడ్, టెస్టింగ్ క్వాడ్రంట్లు అనే పాఠాలు కొత్తగా వచ్చి చేరాయి. నాలుగో అధ్యాయం నుంచి 11, అయిదో అధ్యాయం నుంచి 9 ప్రశ్నలొస్తాయి, అంటే సగం పేపరు ఈ రెండే. పరికరాల మీద ఆరో అధ్యాయం నుంచి రెండే ప్రశ్నలు. దాని మీద వారం గడపకండి. ఉచిత మాదిరి పేపర్లలో వరసగా 32 దాటుతున్నప్పుడే ఫీజు కట్టండి.

ప్రశ్న: ఉచిత అజైల్ కోర్సులు మూడు పూర్తిచేశాను. ఉద్యోగంలో చేరాక చూస్తే పాఠానికీ ఇక్కడి పనికీ పొంతన లేదు. రెండు వారాల స్ప్రింట్‌లో, అంటే ఒక విడత పనిలో, ఎనిమిదో రోజు దాకా టెస్టర్లకు పని రాదు. చివరి రెండు రోజులూ రాత్రిళ్లు కూర్చోవాలి. అజైల్ అంటే ఇంతేనా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: అది అజైల్ కాదు. అంతా కట్టాక చివర్లో టెస్ట్ చేసే పాత వాటర్‌ఫాల్‌నే రెండు వారాల్లోకి కుదించారు. అందరు డెవలపర్లూ మొదటిరోజే తలా ఒక పెద్ద స్టోరీ (యూజర్‌కు కావాల్సిన ఒక పని) పట్టుకుంటారు, అన్నీ కలిసి ఎనిమిదో రోజు మీ మీద పడతాయి. టెస్టర్లు నిదానం కాబట్టి ఇలా జరుగుతోందనుకుంటారు గానీ, అసలు కారణం స్టోరీలు పెద్దవి కావడం, ఒకేసారి అన్నీ తెరవడం.

మూలం చదివితే చాలా సంగతులు విడిపోతాయి. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్‌లాండ్ రాసిన స్క్రమ్ గైడ్ తాజా రూపం 2020 నవంబరులో వచ్చింది, ఉచితం, ఒక పూటలో చదివేయొచ్చు. అందులో టెస్టర్ అని వేరే హోదా లేదు. పనిచేసి ఇంక్రిమెంట్ (ఆ స్ప్రింట్‌లో పూర్తయిన, వాడదగ్గ భాగం) తయారుచేసే వాళ్లందరూ డెవలపర్లే. పని పరిమాణం కొలిచే స్టోరీ పాయింట్ అన్న మాట కూడా లేదు, అది బయటి నుంచి వచ్చిన అలవాటు. ఉన్నది ‘డెఫినిషన్ ఆఫ్ డన్’, అంటే పని పూర్తయిందనడానికి పెట్టుకున్న ప్రమాణం. ఆ ప్రమాణానికి చేరని పని ఇంక్రిమెంట్‌లో భాగం కాదు, స్ప్రింట్ రివ్యూలో చూపించకూడదు కూడా. తిరిగి ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్ అనే చేయాల్సిన పనుల జాబితాలోకి పోతుంది. మీ జట్టు డెఫినిషన్‌లో ‘టెస్టింగ్ పూర్తయింది’ అని రాసి ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే స్ప్రింట్ చివర పనితీరు చూసుకునే రెట్రోస్పెక్టివ్‌లో మొదట అడగాల్సింది అదే.

పనిలో మార్చగలిగినవి ఇవి. స్టోరీలు మూడు రోజుల్లో టెస్టింగ్‌తో సహా ముగిసేంత చిన్నవి కావాలి. ‘ఓటీపీతో లాగిన్’ ఒక స్టోరీ కాదు. సరైన ఓటీపీ ఇస్తే లోపలికి రావడం ఒకటి, తప్పు ఓటీపీ మూడుసార్లు కొడితే ఖాతా ఆపడం ఇంకొకటి, గడువు దాటాక మళ్లీ పంపడం మరొకటి. మొదటిది మూడో రోజుకే మీ చేతికొస్తుంది. బోర్డులో ‘జరుగుతోంది’ వరసకు పరిమితి పెట్టించండి. నలుగురు డెవలపర్లుంటే మూడు స్టోరీలకు మించి తెరవకూడదంటే, నాలుగో మనిషి ఎవరికో సాయపడతాడు. మొదటి రెండు రోజులు మీరు ఖాళీగా ఉండరు: యాక్సెప్టెన్స్ క్రైటీరియా (స్టోరీ పూర్తయిందని ఒప్పుకోవడానికి షరతులు) మీద ప్రొడక్ట్ ఓనర్‌ను (ఏది కట్టాలో నిర్ణయించేవారు), డెవలపర్‌ను కూర్చోబెట్టి అరగంట మాట్లాడండి, కోడ్ రాయకముందే టెస్ట్ కేసులు వాళ్లకు చూపించండి. ఆ అరగంటలో దొరికిన తప్పుకు బగ్ టికెట్టే అవసరం ఉండదు.

స్టాండప్ అనే రోజువారీ సమావేశం మాటకొస్తే 15 నిమిషాలు దాటకూడదు. మేనేజరుకు హాజరు చెప్పుకునే సమావేశం కాదది, స్ప్రింట్ గోల్ వైపు వెళ్తున్నామా లేదా అని జట్టు తనను తాను చూసుకునే సమయం.

ప్రశ్న: నా సెలీనియం స్క్రిప్టు ఒకసారి పాసవుతుంది, మరోసారి ఫెయిలవుతుంది. అన్నిచోట్లా అయిదేసి సెకన్ల స్లీప్ (ఊరికే ఆగమనే ఆదేశం) పెట్టాను, అయినా అంతే.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: స్లీప్‌లన్నీ తీసేయండి. నెట్ నెమ్మదిస్తే అయిదు సెకన్లు చాలవు, వేగంగా ఉంటే వృథా. 60 టెస్టుల్లో మూడేసి స్లీప్‌లుంటే 15 నిమిషాలు ఊరికే నిలబడటానికే పోతాయి.

కారణం కళ్లారా చూడాలంటే ‘ది ఇంటర్నెట్’ అనే సాధన సైట్‌లో డైనమిక్ లోడింగ్ పేజీ తెరవండి. రెండు ఉదాహరణలున్నాయి. రెండింట్లోనూ స్టార్ట్ నొక్కితే కాసేపటికి ‘హలో వరల్డ్’ వస్తుంది. బయటికి రెండూ ఒకటే. లోపల చూస్తే మొదటిదాంట్లో ఆ మాట పేజీలో ముందే ఉంది, దాచిపెట్టారంతే. రెండోదాంట్లో అది అసలు లేదు, లోడ్ అయ్యాక పుడుతుంది. ‘పేజీలో ఉంటే చాలు’ అనే వెయిట్ పెడితే మొదటి ఉదాహరణలో వెంటనే దాటిపోతుంది, సెలీనియం కనపడే అక్షరాలే చదువుతుంది కాబట్టి మీకు ఖాళీ వస్తుంది. ‘కంటికి కనపడేవరకు ఆగు’ అనే ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ పెడితే రెండూ పాసవుతాయి. మీ స్క్రిప్టులో తప్పు ముప్పాతిక వంతు ఇక్కడే ఉండొచ్చు.

ఇంప్లిసిట్ (స్క్రిప్టు మొత్తానికీ ఒకేసారి పెట్టేవి), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్లు రెండూ కలపొద్దు. ఒకటి 10, ఒకటి 15 సెకన్లు పెడితే 20 సెకన్లకు టైమవుట్ కావచ్చని సెలీనియం పత్రాలే హెచ్చరిస్తున్నాయి. బ్రౌజర్‌లో ‘కాపీ ఫుల్ ఎక్స్‌పాత్’ కొట్టి తెచ్చుకున్న లొకేటర్ (పేజీలో గడి, బటన్ ఎక్కడుందో చెప్పే చిరునామా) పేజీలో ఒక్క డివ్ (పెట్టె లాంటి భాగం) పెరిగినా విరిగిపోతుంది. ఐడీ గానీ, టెస్టుల కోసమే పెట్టిన గుర్తు గానీ వాడండి. ఇంకా, ఒక టెస్టు చేసిన ఖాతాను రెండో టెస్టు వాడుకోకూడదు. ఒక్కో టెస్టును విడిగా, తర్వాత వరస తిప్పి నడిపించి చూడండి. అప్పుడు ఫెయిలైతే తప్పు వెయిట్‌లో లేదు, డేటాలో ఉంది.

క్రోమ్ మారినప్పుడల్లా దాన్ని నడిపే డ్రైవర్ దించుకోవాలని పాత వీడియోలు చెబుతాయి. సెలీనియం 4.6 నుంచి ఆ పని అదే చూసుకుంటుంది.

ప్రశ్న: హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద డాలస్ దగ్గర ఉంటున్నాను, ఈఏడీ (అమెరికాలో పనిచేయడానికి అనుమతి కార్డు) ఇంకా రాలేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు టెస్టింగ్ ఉచితంగా నేర్పిస్తామని, తర్వాత తమ ప్రాజెక్టులో జీతం లేకుండా ఆర్నెల్లు చేస్తే రెజ్యూమెలో మూడేళ్ల అనుభవం చూపిస్తామని అంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికీ ఇలాగే డబ్బుకు అనుభవం సర్టిఫికెట్ ఇస్తామంటున్నారట.
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: రెండూ వద్దమ్మా. ఆన్‌లైన్‌లో నేర్చుకోవడానికి ఈఏడీ అక్కర్లేదు. కంపెనీ లాభానికి పనిచేయడం వేరు. జీతం తీసుకోలేదు కదా అన్నది అక్కడ రక్షణ కాదు, అనుమతి లేని ఉద్యోగంగా లెక్కేస్తే రేపు మీ స్టేటస్‌కే ముప్పు. అలాంటి పని దేనికైనా సంతకం చేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. కన్సల్టెన్సీ పంపే లాయర్‌ను కాదు, మీరు వెతుక్కున్న వాళ్లను. హెచ్-4 ఈఏడీ 2015 మే నుంచి అమల్లో ఉంది, చాలామందికి భర్త లేదా భార్య ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొందాకే వస్తుంది. ఆ ఎదురుచూపు కాలాన్ని పైన చెప్పిన పద్నాలుగు వారాలకు వాడుకోండి.

మీ తమ్ముడి సంగతి ఇంకా తేలిక. పీఎఫ్ యూఏఎన్ నంబరు కొడితే సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది వస్తుంది. ఆదాయపు పన్ను ఫారం 26ఏఎస్‌లో జీతం మీద టీడీఎస్ ఎవరు కట్టారో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు అడిగేవి ఇవే. కాగితం మీది మూడేళ్లకు పీఎఫ్‌లో ఒక్క నెల కూడా లేకపోతే చేరాక కూడా తీసేస్తారు, ఆ మచ్చ తర్వాతి కంపెనీకీ వెంట వస్తుంది.

ఇద్దరూ రెజ్యూమెలో పెట్టాల్సింది ఒక గిట్‌హబ్ (కోడ్, పత్రాలు అందరూ చూసేలా పెట్టే సైట్) లింకు. అందులో ఒక యాప్ మీద రాసిన నలభై టెస్ట్ కేసులు, వాటిని ఏ పద్ధతిలో ఎంచుకున్నారో అర పేజీ, పది బగ్ రిపోర్టులు, పోస్ట్‌మన్ కలెక్షన్ ఒకటి, వరస తిప్పినా పాసయ్యే పదిహేను ఆటోమేషన్ టెస్టులు ఉండాలి. ఖాళీగా ఉన్న నెలలను ఖాళీ అనే రాయండి, ఎదురుగా ఆ లింకు పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది, జవాబు మీ చేత్తో చేసిన పనే కాబట్టి తడుముకోవాల్సిన అవసరం రాదు.